దయ్యాన్ని ఔటర్లో నిలబెట్టినవాడు

నాకు దయ్యాలంటే భయం లేదు. ఏళ్ల తరబడి వాటిని రేకు పెట్టెల్లోంచి తీసి, తెర మీద ఆడించి, మళ్లీ చుట్ట చుట్టి పెట్టెల్లో కూరి రైలెక్కించినవాణ్ణి. నాకు భయమల్లా ఇద్దరు మనుషులంటేనే. ఒకరు మా టూరింగ్ టాకీస్ యజమానురాలు మాలకొండమ్మ. ఆమె అంటే ఎందుకు భయమో ఆమె దగ్గర నెల్లాళ్లు పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు. రెండో మనిషి గూడ్సు బండి గార్డు యెహోషువగారు. ఆయన నన్ను ఒక్కనాడూ కసిరింది లేదు. అయినా ఆయన గుడారంలోకి వచ్చి, మూడో వరస బెంచీ చివర కూర్చుని, జేబులోంచి రైల్వే గడియారం బయటికి తీశాడంటే వెనక ప్రొజెక్టరు గదిలో నా చేతులు తడబడేవి. దయ్యం సినిమా అయితే మరీను.

ఎందుకంటే మా రైల్వే ఊరు బిట్రగుంటలో దయ్యం సినిమా బాగుందో లేదో తేల్చేది ఆయనే. పేపర్లో ఏం రాశారో మాకు అక్కర్లేదు. రైల్వే ఇన్‌స్టిట్యూట్ వరండాలో ఒక నల్లబల్ల ఉండేది. పైసగం ఆటల పోటీల నోటీసులకు, కిందిసగం గార్డుగారికి. దయ్యం సినిమాలు తీసే డైరెక్టర్ల పేర్లు మంచి నుంచి చెడు వరకు వరసగా ఆయన చేతిరాతతో ఆ కిందిసగంలో ఉండేవి. కొత్త సినిమా వచ్చిన మర్నాడు పొద్దున్నే షెడ్డుకు పోయే, ఇంజన్లలో బొగ్గు వేసే ఫైర్‌మన్లు టోపీలు చంకలో పెట్టుకుని ఆ బల్ల ముందు గుమిగూడేవాళ్లు. ఎవరు పైకి పోయారు, ఎవరు కిందికి దిగారు అని అక్కడికక్కడే జట్లు కట్టి అరుచుకునేవాళ్లు. ఆహా, ఏం రోజులవి. ఇప్పటికీ తలుచుకుంటే నా ఒళ్లు ఝల్లుమంటుంది.

నేను చెబుతున్నది యాభై ఏడు నుంచి అరవై రెండు దాకా. నా పేరు చిన్నపోలయ్య. మాది సముద్రం ఒడ్డున పల్లె. వల లాగడం చేతకాక ప్రొజెక్టరు పట్టుకున్నాను. గార్డుగారిది కావలి పక్కన చిన్న ఊరు. మిషను బళ్లో ఎనిమిది చదివి, రైల్వేలో చేరి, మెల్లగా గార్డయ్యాడు. పొడుగు మనిషి, నల్లటి ఒళ్లు, గంజి పెట్టిన తెల్ల యూనిఫారం. ఆదివారం చర్చిలో ఆయన గొంతు వినపడితే తక్కినవాళ్లు తమ గొంతు తగ్గించుకునేవాళ్లు. ఆదివారం నాడు మాత్రం సినిమా మాట ఎత్తేవాడు కాదు. ఒకసారి పాస్టరుగారు ఆపి, “యెహోషువా, దయ్యాల సినిమాలకు పోతన్నావంట” అని అడిగితే, “దయ్యం ఉందనుకునేవాడు పోకూడదయ్యగారూ. లేదని తెలిసినవాడు పోయినా ఏం కాదు” అన్నాడట. పాస్టరుగారు నవ్వి ఊరుకున్నారు.

గార్డంటే బండికి చిట్టచివర బ్రేకు వ్యానులో ఒంటరిగా కూర్చునే మనిషి. అరవై పెట్టెల అవతల డ్రైవరు ఉంటాడు గానీ కనపడడు. వెనకాల ఎర్రదీపం, చుట్టూ సర్వి తోపులు. నేనోసారి అడిగాను.

“అన్నా, మీరట్టా ఒక్కరే కూచుంటారే, ఎప్పుడన్నా ఏదన్నా కనపడిందా?”

“కనపడితే బాగుండు గదబ్బా” అన్నాడు ఆయన. “కనపడితే భయం పొయ్యేది. ఇనుకో. స్టేషను బయట ఔటర్లో బండి ఆగిపోద్ది. ఎందుకాగినాదో తెలవదు. సిగ్నలు పడదు. ముందు ఎవురున్నారో, ఏం జరిగినాదో చెప్పే దిక్కుండదు. భయమంటే ఆ నిలబడుండే సేపు. దయ్యం వచ్చేసినాక ఇంకేముంది, నేనూ అదీ ఇద్దరం ఐపోతాం. తోడు దొరికినట్టే.”

ఆ మాట మీదే ఆయన పట్టిక మొత్తం నడిచేది. దయ్యం ఎట్లా ఉంది, ఎన్ని కోరలున్నాయి అన్నది ఆయనకు లెక్కలేదు. దయ్యం వస్తుందని మనకు సూచన అందిన నిమిషం ఏది, అది నిజంగా వచ్చిన నిమిషం ఏది, ఆ రెంటికీ మధ్య ఎంతసేపు మనల్ని నిలబెట్టాడు, నిలబెట్టినంతసేపూ ఏం చూపించాడు. ఇదీ ఆయన చూసేది. గడియారం ఎడమ చేతిలో, పెన్సిలు కుడి చేతిలో, గార్డుల మెమో పుస్తకం లాంటి చిన్న పుస్తకం తొడ మీద. కుక్క ఏడ్చింది, రాసుకున్నాడు. దీపం రెపరెపలాడింది, రాసుకున్నాడు. దయ్యం రాగానే కింద గీత. “దయ్యాన్ని ఔటర్లో నిలబెట్టడం తెలిసినోడే డైరెక్టరు పోలయ్యా. తక్కినోళ్లంతా పొగ ఊదేవోళ్లు” అనేవాడు.

పట్టికలో మూడు పేర్లు ఎప్పుడూ ఉండేవి. ఆ పెద్దమనుషుల అసలు పేర్లు నేను చెప్పను. చెబితే ఇప్పుడు వాళ్ల మనవలు నా మీదికి వస్తారు. భుజంగం, గజపతి, వేదాచలం అనుకోండి.

భుజంగం తలుపుల మనిషి. ఆయన సినిమాలో తలుపు కిర్రుమందంటే ఇక చూసుకోండి. అవతల ఎవరూ ఉండరు. హీరోయిన్ పోయి గడియ పెడుతుంది. వెనక్కి తిరుగుతుంది. మళ్లీ కిర్రు. ఈసారీ ఎవరూ ఉండరు. గార్డుగారి లెక్కలో భుజంగం పెట్టిన అతిపెద్ద ఆలస్యం పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాలూ మా నేల టిక్కెట్టు జనం వేరుశనక్కాయ ఒలవలేదంటే నమ్మండి. అందుకే ఆయనది మొదటి స్థానం.

గజపతి దీనికి పూర్తిగా ఎదురు. పేర్లు పడుతుండగానే పుర్రె వచ్చేస్తుంది. పొగ, మెరుపు, గబ్బిలం, అస్థిపంజరం, అన్నీ ఒకదాని మీద ఒకటి. “టైము కంటే ముందొచ్చే బండి. ఎక్కేవోడు ఒక్కడూ ప్లాట్‌ఫారం మీద ఉండడు” అని గార్డుగారు తీసిపారేసేవాడు. కానీ ఆయన భార్య రెబెక్కమ్మగారు ఒప్పుకునేది కాదు. ఆమె గజపతి పుర్రె కనపడగానే కొంగు ముఖానికి కప్పుకుని ఆట అయ్యేదాకా తీసేది కాదు. “నువ్వు గడియారం చూస్తావు, సినిమా చూడవు. భయమంటే గజపతిదే భయం” అని వాదించేది. “నువ్వు చూసిందెక్కడ, నీ కొంగేగా చూసింది” అనేవాడు ఆయన. ఇంటికి పోయే దారంతా ఇద్దరూ ఇదే. అయినా రెబెక్కమ్మగారి మాట ఉంచి గజపతిని రెండో స్థానంలో పెట్టాడు.

ఇక వేదాచలం. పాపం, ఎప్పుడూ మూడే. మనిషికి పాటల పిచ్చి. దయ్యం ఊయలెక్కి పాడుతుంది, బావి గట్టున పాడుతుంది, వీణ కూడా వాయిస్తుంది. “భయపెట్టడానికి వచ్చిందా, కచేరీకి వచ్చిందా?” అని గార్డుగారు నవ్వేవాడు. ఆ వేదాచలం ఒక్క రాత్రిలో మూడు నుంచి ఒకటికి ఎక్కాడు. ఎక్కించింది నేను.

అరవై ఒకటి కార్తీక మాసం, ముసురు పట్టిన రోజులు. వేదాచలం కొత్త సినిమా పెట్టెలు సాయంత్రం పాసింజర్లో దిగాయి. మొత్తం పద్నాలుగు రీళ్లు, రీలుకో పెట్టె. మాకు ఉన్నది ఒకే ప్రొజెక్టరు. ఒక రీలు అవగానే లైట్లు వేసి, అది దించి, ఇంకోటి ఎక్కించాలి. బండి ఆలస్యంగా వచ్చింది, జనం గుడారం నిండా కూర్చుని ఈలలు వేస్తున్నారు. పెట్టె మీద నంబరు చూసి ఎక్కించడమే గానీ లోపల చుట్ట మీద నంబరు చూసే తీరిక లేదు. మాకంటే ముందు ఆడించిన ఊళ్లో ఎవడో మహానుభావుడు నాలుగో రీలు తీసుకుపోయి పన్నెండో పెట్టెలో పెట్టాడు, పన్నెండోది నాలుగో పెట్టెలో పెట్టాడు.

కథ సూటిగా చెబుతాను. కొత్తగా పెళ్లయిన జంట. నాలుగో రీలులో ఆ అమ్మాయి బావిలో పడి చనిపోతుంది. ఆ తర్వాత ఇంట్లో గజ్జెల చప్పుడు, దీపాలు ఆరిపోవడం. ఆ ఇంట్లో చనిపోయినవాళ్ల పేరెత్తరు కాబట్టి ఆ అమ్మాయి ఊసు ఎవరూ తీయరు. పన్నెండో రీలులో ఆమె దయ్యంగా తిరిగొచ్చి మొగుడికి అన్నం వడ్డిస్తుంది. వేదాచలం తీసింది ఇది. ఎవడైనా తీసేదే.

నేను నాలుగో పెట్టె తెరిచి ఎక్కించాను. తెర మీద ఆ అమ్మాయి మొగుడికి అన్నం వడ్డిస్తోంది. అతను కన్నీళ్లు పెట్టుకుని, “నన్నొదిలి పోవు కదా?” అంటున్నాడు. ఆమె నవ్వి, “ఇక్కడే ఉన్నాను కదా” అంటోంది. జనం మొగుడూపెళ్లాల సరసమనుకుని చూస్తున్నారు. నాకు మాత్రం తేడా తెలిసిపోయింది. ముందు రీలులో నున్నగా గీసుకున్న మొగుడికి ఇప్పుడు జానెడు గడ్డం. రీలు మారిపోయింది. చెయ్యి స్విచ్చి మీదికి పోయింది. అంతలో కిందున్న మాలకొండమ్మ గుర్తొచ్చింది. నాకంటే ముందు పనిచేసినవాడు ఇట్లాగే రీలు తప్పు వేసి, మధ్యలో ఆపి, జనం బెంచీలు విరగ్గొడితే, ఆమె వాణ్ణి ఆ పూటే వెళ్లగొట్టింది. నేను ఆపలేదు.

తర్వాత అయిదు నుంచి పదకొండు వరకు వరసగానే పడ్డాయి. కానీ చూసేవాళ్లకు ఏం జరిగిందో చూడండి. వడ్డించిన అమ్మాయి ఇంట్లో కనపడదు. ఎక్కడికి పోయిందో ఎవరూ చెప్పరు. అందరూ పెరటి వైపు చూస్తారు, మాట మింగేస్తారు. గజ్జెలు మోగుతాయి. అత్త మంచం పడుతుంది. పనిమనిషి పారిపోతుంది. ఏమైంది, ఏమైంది అని గుడారం మొత్తం ఊపిరి బిగబట్టింది. ఒక్కడు దగ్గలేదు. అట్లా ఆ అన్నం రీలుతో కలిపి ఎనిమిది రీళ్లు నడిచాక పన్నెండో పెట్టెలోంచి నాలుగో రీలు. గడ్డం లేని మొగుడు, కొత్త పసుపుతాడు, బావి. ఆమె పడిపోయింది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఆ తర్వాత ఆడవాళ్ల వైపు నుంచి ఒక గొంతు మెల్లగా, “అయితే ఆ రోజు అన్నం పెట్టినాది ఎవురే?” అంది.

అంతే. అలాంటి అరుపు నేను మళ్లీ జన్మలో వినలేదు. నేల మీద కూర్చున్నవాళ్లు లేచి ఒకరినొకరు పట్టుకున్నారు. రెబెక్కమ్మగారు కొంగు తీసి కళ్లప్పగించి చూస్తోంది. నాకు కలిగింది సంతోషమో భయమో ఈరోజుకీ చెప్పలేను.

మర్నాడు బల్ల మీద వేదాచలం మొదటి స్థానం. గార్డుగారు డ్యూటీ బట్టల్లోనే వరండాలో నిలబడి చెబుతున్నాడు. “ఎనిమిది రీళ్లు. ఎనిమిది రీళ్లు ఔటర్లో నిలబెట్టినాడబ్బా. సిగ్నలు పడిందని కూడా మనకు తెలవలా. గడ్డం చూసినారా? గడ్డమే సిగ్నలు. మన ముందరే పెట్టినాడు, మనకే కనపడలా.” ఆయన కళ్లు మెరిసిపోతున్నాయి. నేను పక్కనే నిలబడ్డాను. చెబుదామనుకున్నాను. ఆ ముఖం చూసి నోరు రాలేదు. ఆ సాయంత్రం పెట్టెలు ముందేసుకుని కూర్చున్నాను. సరైన వరసలో పెట్టుకోవడానికి రెండు నిమిషాల పని. పెట్టలేదు. ఆ రోజూ తప్పు వరసలోనే వేశాను, మూడో రోజూ వేశాను. చుట్టుపక్కల ఊళ్ల నుంచి బళ్లు కట్టుకుని వచ్చారు జనం. అది మాత్రం పొరపాటు కాదు. తెలిసి చేసిందే.

పది రోజులు గడిచాయి. పార్శిల్ ఆఫీసులో జయరామయ్య అని ఒక గుమాస్తా ఉండేవాడు. సంగం దగ్గర వరిపొలాలున్న ఇంటి మనిషి, భుజంగానికి వీరాభిమాని. తన మనిషి రెండో స్థానానికి దిగినప్పటి నుంచి అరికాలి మంట నెత్తికెక్కి ఉన్నాడు. అదే సినిమా కావలిలో పక్కా హాల్లో ఆడుతోంది. అక్కడ చూసొచ్చిన అతని బావమరిది, “ఆ పిల్ల మొదట్లోనే చచ్చిపోద్ది గదా, అందులో అంత వింతేముంది” అన్నాడట. జయరామయ్య వరండాకు వచ్చి, అందరి ముందూ గార్డుగారిని నిలదీశాడు.

“పుస్తకం తియ్యండి గార్డుగారూ. ఏ నిమిషంలో సిగ్నలు, ఏ నిమిషంలో దయ్యం, చదవండి ఇందాం.”

“పుస్తకం ఎందుకు జయరామయ్యగారూ” అన్నాడు గార్డుగారు. “శనివారం మ్యాటినీకి కావలికి పోదాం. మీ గడియారంతోనే చూసుకోండి.”

“మీ మాట తప్పయితే?”

“తప్పయితే ఈ సుద్దముక్క మీది. ఇంక ఈ బల్ల మీద నేను రాయను.”

ఆయనకు ఇల్లు, చర్చి, బ్రేకు వ్యాను తర్వాత ఉన్నది ఆ బల్లే. కావలిలో రీళ్లు సరైన వరసలో ఆడుతుంటాయి. నేను నిజం చెబితే నా ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఆయన మాట పోతుంది.

శనివారం ఇరవై మందిమి పాసింజరెక్కాం. గార్డుగారు పెళ్లికి పోతున్నంత హుషారుగా ఉన్నాడు. కిటికీ పక్కన కూర్చుని రెబెక్కమ్మగారికి ప్రతి రీలూ మళ్లీ చెబుతున్నాడు. “ఈసారి గడ్డం కాడ నిన్ను గిల్లుతా, చూడు” అంటున్నాడు. నేను ఆయన ఎదురుగా కూర్చున్నాను. “అన్నా, ఒక మాట” అన్నాను. “సినిమా అయినాక చెప్పబ్బా” అన్నాడు. నేను ఊరుకున్నాను. పిరికివాడికి ఆ మాత్రం సాకు చాలు.

హాల్లో లైట్లారాయి. పెళ్లి, పాట, ఇంకో పాట, బావి. ఆమె పడిపోయింది. చితి కూడా చూపించారు. తర్వాత గజ్జెలు మోగితే ఎవరికీ ఏమీ అనిపించలేదు, అందరికీ తెలుసు అది ఎవరో. జయరామయ్య వెనక్కి తిరిగి, “గార్డుగారూ, మీ దయ్యం ఔటర్లో ఆగలేదే. నేరుగా ప్లాట్‌ఫారం మీదికే వచ్చేసినాదే” అన్నాడు. మా ఇరవై మందిలో పదిహేను మంది నవ్వారు. నేను ముఖం చెల్లక తల దించుకున్నాను.

ఇంటర్వెల్లో గార్డుగారు సోడా బండి దగ్గర నన్ను పక్కకు పిలిచాడు. గొంతు పెంచలేదు.

“నాలుగో పెట్టెలో ఏముండె పోలయ్యా?”

“పన్నెండోది అన్నా.” దాచడానికి ఇక ఓపిక లేదు నాకు. “మూడు రోజులూ అట్టానే వేసినా.”

ఆయన చేతిలోని సోడా బండి మీద పెట్టేశాడు. “మాలకొండమ్మకు తెలుసా?” అని మాత్రం అడిగాడు.

“తెలవదు.”

“తెలియనియ్యమాక.”

ఆట అయిపోయాక కావలి ప్లాట్‌ఫారం మీద, మా వాళ్లందరి మధ్యా నిలబడి, “జయరామయ్యగారు చెప్పిందే నిజం. నేను టైము తప్పు చూసినా” అన్నాడు. జేబులోంచి సుద్దముక్క తీసి జయరామయ్య చేతిలో పెట్టాడు. ఇరవై రెండేళ్ల గార్డు సర్వీసులో ఒక్క బండి టైము తప్పు రాయని మనిషి ఆ మాట అన్నాడు. నవ్వినవాళ్లు నవ్వు ఆపేశారు. జయరామయ్యకు కూడా గెలిచినట్టు అనిపించలేదనుకుంటాను, సుద్దముక్క వెంటనే జేబులో పెట్టేసుకున్నాడు.

తర్వాత మూడు వారాలు గార్డుగారు గుడారం వైపు రాలేదు. బల్ల మీద జయరామయ్య రాత. గజపతి కొత్త సినిమా వచ్చింది, పుర్రెలు రెట్టింపు వచ్చాయి. మూడో వరస బెంచీ చివర ఖాళీ. ప్రొజెక్టరు కంతలోంచి ఆ ఖాళీ చూస్తుంటే నాకు ఏడుపొచ్చేది. ఒకరోజు కొళాయి దగ్గర రెబెక్కమ్మగారు నన్ను నిలబెట్టింది.

“పోలయ్యా, ఈయన డ్యూటీ దిగొస్తాడు, అన్నం తింటాడు, గోడకానుకోని కూచుంటాడు. గజపతి సినిమాకు పోదామంటే వద్దన్నాడు. టైము తప్పు చూశాడంటే నేను నమ్మనబ్బయ్యా. నీకేమన్నా తెలుసా?”

“తెలవదమ్మా” అన్నాను. నా కోసం ఒక మనిషి తన మాట పోగొట్టుకుని గోడకానుకుని కూర్చుంటే నేను ఉద్యోగం చేసుకుంటున్నాను. థూ, ఏం బతుకిది అనిపించింది.

ఆ సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ వరండాలో జయరామయ్యా, నలుగురు ఫైర్‌మన్లూ ఉన్నారు. మాలకొండమ్మ కొత్త బొమ్మ పోస్టరు అంటించడానికి వచ్చి, జిగురు సరిగా పూయలేదని నన్ను తిడుతోంది. గార్డుగారు డ్యూటీ దిగి, జెండాలు చంకలో పెట్టుకుని, బల్ల వైపు చూడకుండా రోడ్డు మీద పోతున్నాడు.

“గార్డన్నా, ఆగండి” అని కేక పెట్టాను. ఆయన ఆగాడు. అందరూ నా వైపు తిరిగారు. “జయరామయ్యగారూ, ఆయన టైము తప్పు చూళ్లేదు. నేను రీలు తప్పు వేసినా. నాలుగోదానికి పన్నెండోది, పన్నెండోదానికి నాలుగోది. ఆయనకు తెలుసు. నా ఉద్యోగం పోద్దని కావల్లో తప్పు తన మీద వేసుకున్నాడు.”

మాలకొండమ్మ జిగురు డబ్బా కింద పెట్టింది.

“మూడు రోజులా?”

“మూడు రోజులమ్మా.”

“తెలిసే?”

“మొదటి రోజు తెలవక. తర్వాత తెలిసే.”

“అట్టయితే తాళాలు ఇటియ్యి” అంది. ఆమె అంతకన్నా ఏం అంటుంది.

గార్డుగారు వరండా ఎక్కి వచ్చాడు. ఆయనకు అంత కోపం నేనెప్పుడూ చూడలేదు. “నీకెవురు చెప్పమన్నారు? నేను నోరు మూసుకోనుంటే నీకేం పోయింది?” అన్నాడు. నేను తాళాల గుత్తి మొలతాడు నుంచి విప్పుతున్నాను. ఆయన ఉన్నట్టుండి గొంతు మార్చి, “మొదటి రోజు, రీలు మారిపోయిందని నీకు ఎప్పుడు తెలిసినాది?” అని అడిగాడు.

“గడ్డం చూడంగానే అన్నా.”

“ఆపొచ్చు గదా మరి.”

“ఆపబోయినా. చెయ్యి స్విచ్చి మీదే ఉండె. మాలకొండమ్మకు భయపడి ఆపలేదనే ఇన్నాళ్లూ అనుకున్నా. అది కాదన్నా. కంతలోంచి చూసినా. మీరు ముందుకు వంగుండారు. ఇన్నేళ్లలో మీరట్టా వంగింది నేను చూళ్లేదు. అందుకని ఆపలేదు.”

గార్డుగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన జేబులోంచి ఆ చిన్న పుస్తకం తీసి జయరామయ్యకు ఇచ్చాడు.

“ఆ రోజు పేజీ చదవండి.”

జయరామయ్య పేజీలు తిప్పాడు. “ఏడూ నలభై, మొదటి పాట. ఏడూ యాభై రెండు, గడ్డం, పక్కన ప్రశ్న గుర్తు.” ఇంకో పేజీ తిప్పాడు, మళ్లీ వెనక్కి తిప్పాడు. “తర్వాత ఏమీ లేదే ఇందులో.”

“లేదు. గడియారం చేతిలోనే ఉండె. చూళ్లేదు” అన్నాడు గార్డుగారు. “భయమేసింది జయరామయ్యగారూ. ఇరవై రెండేళ్లు బ్రేకు వ్యానులో ఒంటరిగా కూచున్నా. ఒక్కనాడూ వెయ్యని భయం ఆ గుడారంలో, ఇంతమంది మధ్యలో వేసింది. టైము మరిచిపోయినా. అందుకే వేదాచలానికి మొదటి స్థానం ఇచ్చినా. మీరు పుస్తకం చదవమంటే ఏం చదివేది? కావల్లో నేను చెప్పింది పోలయ్య కోసం కాదు. నిజమే చెప్పినా.”

జయరామయ్య పుస్తకం మూసి, సుద్దముక్క తీసి ఆయన చేతిలో పెట్టాడు. “రాయండి గార్డుగారూ” అన్నాడు. గార్డుగారు బల్ల దగ్గరికి పోయాడు. భుజంగం ఒకటి, గజపతి రెండు, వేదాచలం మూడు. పాత వరసే తన చేతిరాతతో మళ్లీ రాశాడు. జయరామయ్యకు ఆశ్చర్యం వేసింది.

“మరి మీకు భయమేసిన సినిమా?”

“దాన్ని ఎవురూ తియ్యలేదు గదబ్బా” అని గార్డుగారు నవ్వాడు. మూడు వారాల తర్వాత నవ్వాడు.

నేను తాళాలు మాలకొండమ్మకు అప్పజెప్పి, గుడారంలో ఉన్న రెండు చొక్కాలు సంచిలో వేసుకుని స్టేషనుకు బయల్దేరాను. గార్డుగారు నాతోపాటే నడిచాడు. ఇంటికి కూడా పోలేదు, జెండాలు ఇంకా చంకలోనే ఉన్నాయి. దారి పొడుగునా ఒకటే ప్రశ్నలు. గజ్జెల రీలు ముందేసుంటే ఏమయ్యేది, అత్త మంచం పట్టింది ఆఖర్న వేసుంటే ఎట్టా ఉండేది, భుజంగం తలుపుల సినిమాలో మూడూ తొమ్మిదీ మారిస్తే తలుపు అవతల ఎవురుంటారు. నేను ఒకటి చెబితే ఆయన కాదని ఇంకోటి చెప్పేవాడు. ప్లాట్‌ఫారం మీద బెంచీ దొరికినా కూర్చోలేదు, నిలబడే వాదించుకున్నాం. కావలి బండి వచ్చి, నేనెక్కి, అది కదిలాక కూడా ఆయన కిటికీ పట్టుకుని రెండడుగులు పక్కనే నడుస్తూ ఏదో చెప్పాడు. నాకు ఉద్యోగం పోయిందన్న సంగతి బండి స్టేషను దాటాక గానీ గుర్తు రాలేదు.